కుదరని సీటు

పాత బండికి కొత్త సీటు వేయించడం ఒక పూట పని అనుకున్నాను. నాలుగు నెలలు పట్టింది. అందులో మూడు నెలలు నేను సీటును తిట్టుకుంటూనే గడిపాను. తప్పు సీటుది కాదని తేలాక తిట్టడానికి ఎవరూ మిగలలేదు.

బండి నాన్నగారిది. 1981లో కొన్న బుల్లెట్టు. 2015లో ఆయన పోయాక, గుడివాడ ఇంటి వసారాలో ఒక మూల నిలబెట్టి గోనెపట్టా కప్పాము. 2023 వేసవిలో దాన్ని విజయవాడ తెచ్చి బాగుచేయించాను. ఇంజను పని, రంగు, వైరింగు, టైర్లు అన్నీ అయ్యాయి. మిగిలింది సీటు. పాత సీటు తోలు చిట్లింది. లోపలి స్పాంజి ఏళ్ళ తరబడి నీళ్ళు పీల్చి గట్టిపడింది. అడుగురేకు తుప్పు పట్టింది. దాన్ని అటక మీద పడేసి, విడిభాగాల దుకాణంలో అదే నమూనా సీటు కొత్తది కొన్నాను.

మా బండికి సీటు బిగింపు చాలా సులువు. ముందువైపు పెట్రోలు ట్యాంకు వెనక ఒక కొక్కెం, వెనకవైపు ఇటొక బోల్టు, అటొక బోల్టు. అంతే. కొత్త సీటు కొక్కెం పడింది. ఎడమ బోల్టు పడింది. కుడి బోల్టు మాత్రం రంధ్రానికి అరంగుళం దూరంలో నిలబడిపోయింది. స్క్రూడ్రైవరుతో ఎగదన్ని, బలవంతాన బిగించాను. చూడటానికి బాగానే ఉంది. కంకిపాడు దాకా వెళ్ళి వచ్చేసరికి నడుము ఎడమపక్క సలపడం మొదలుపెట్టింది. వారం తిరిగేలోగా సీటు రేకు కుడి రంధ్రం దగ్గర వెంట్రుకవాసి చిట్లింది.

కుదరని సీటు మీద కూర్చుంటే ఏమవుతుందో అప్పుడు అర్థమైంది. సీటు ఒక పక్కకు కాస్త వాలితే చాలు, తుంటి ఆ పక్కకు జారుతుంది. తల నిటారుగా ఉంచుకోవడానికి వెన్ను రెండో పక్కకు వంగుతుంది. బరువంతా ఒకే ఎముక మీద పడుతుంది. రెండు కిలోమీటర్లకు ఇది తెలియదు. ఇరవై కిలోమీటర్లకు తెలుస్తుంది.

మొదట బోల్టులను అనుమానించాను. ఈ బండి పుట్టుక ఇంగ్లండులో. మద్రాసులో తయారీ మొదలైన తరువాత కూడా చాలాకాలం దీనికి అంగుళాల లెక్క మరలే వాడారు. ఇప్పుడు దుకాణాల్లో దొరికేవి మిల్లీమీటర్ల బోల్టులు. ఒకదానిలో మరొకటి రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోతుంది, ఆపైన మర పాడవుతుంది. వెతికి సరైన బోల్టులు తెచ్చాను. దూరం తగ్గలేదు. తరువాత సీటు కింద ఆనే రబ్బరు బొడిపెలను మార్చాను. లాభం లేదు. చివరికి దుకాణానికి వెళ్ళి గొడవ పెట్టుకున్నాను. "పాత బండి కదండీ, కాస్త అటూ ఇటూ ఉంటుంది" అంటూనే అతను పాపం మరో సీటు ఇచ్చాడు. దానికీ అదే కుడి బోల్టు, అదే అరంగుళం.

నిజానికి నేను అక్కడే ఆగి ఆలోచించి ఉండవలసింది. రెండు వేరు వేరు సీట్లు ఒకే చోట, ఒకే పక్కకు, ఒకే కొలతతో తప్పవు. కానీ కోపంలో ఉన్నవాడికి లెక్క కనబడదు.

ఆటోనగరులో సీట్లు కుట్టే ఒక పెద్ద మేస్త్రి దగ్గరకు తీసుకువెళ్ళాను. ఆయన సీటు వంక చూడనైనా చూడలేదు. దాన్ని విప్పి పక్కన పెట్టి, బండిని చదునైన నేల మీద సెంటర్ స్టాండు వేశాడు. తాపీపనివాళ్ళు వాడే రసమట్టాన్ని ట్యాంకు కింది గొట్టం మీద అడ్డంగా పెట్టాడు. బుడగ నడిమధ్యన నిలిచింది. అదే రసమట్టాన్ని వెనక సీటు ఆనే కమ్మీ మీద పెట్టాడు. బుడగ కుడివైపుకు పరుగెత్తింది. అంటే కుడివైపు ఎత్తు, ఎడమవైపు పల్లం. తరువాత రెండు చక్రాల పక్కనుంచి దారం లాగి చూశాడు. చక్రాలు ఒక వరుసలోనే ఉన్నాయి. వంగినది వెనక కమ్మీ మాత్రమే.

"ఈ బండి ఎప్పుడైనా పడిందా బాబూ?" అని అడిగాడు.

"మా నాన్నగారి చేతిలో ఇది ఎన్నడూ పడలేదు" అన్నాను, కొంత గర్వంగానే. ఆ మాట నేను చిన్నప్పటినుంచి వింటున్నదే, అందరికీ చెబుతున్నదే.

ఆయన వాదించలేదు. "పాత సీటు పారేశారా?" అన్నాడు. లేదన్నాను. తెమ్మన్నాడు.

మర్నాడు తెచ్చి ఇస్తే బోర్లించాడు. ఏళ్ళ తరబడి ఆ సీటు మీద కూర్చున్నానే గాని ఒక్కసారీ దాని అడుగు చూడలేదు. ఎడమవైపు లారీ ట్యూబు ముక్కలు మూడు, ఒకదానిమీద ఒకటి, సొల్యూషనుతో అతికించి ఉన్నాయి. కుడివైపు ఒక్కటే ముక్క. కుడి బోల్టు రంధ్రం గుండ్రంగా లేదు, ఆకురాయితో రాచి కోలగా చేశారు. ముక్కల మూలలన్నీ కత్తెరతో గుండ్రంగా తిప్పి ఉన్నాయి. మా బడి పుస్తకాల అట్టల మూలలను నాన్నగారు అలాగే కత్తిరించేవారు, ఊరికే లేచిపోకుండా.

ఆ ఆదివారం గుడివాడ వెళ్ళి అమ్మను అడిగాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. తల ఎత్తకుండానే, "ఎవరు చెప్పారు నీకు?" అంది.

1986 వానాకాలం. పెడనలో పెళ్ళి చూసుకుని ఇద్దరూ తిరిగి వస్తున్నారు. గుడ్లవల్లేరు దగ్గర కాలవగట్టు మీద చీకట్లో గేదె అడ్డం వచ్చింది. బండి ఎడమపక్కకు పడింది, వెనకభాగం కల్వర్టు రాయికి కొట్టుకుంది. అమ్మ మెడ కింది ఎముక విరిగింది. ఆడకూతురిని బండి మీద తిప్పడం తాతయ్యకు మొదటినుంచీ ఇష్టం లేదు. "మావయ్యగారికి తెలిస్తే మర్నాడే బండి అమ్మించేవారు. అందుకని నూతి దగ్గర జారిపడ్డానని చెప్పాను" అంది.

అప్పుడు నాకు నాలుగేళ్ళు. అమ్మ చెయ్యి మెడకు కట్టుకుని ఉండటం గుర్తుంది. నాన్నగారు నూతి చప్టా మీది పాచిని కొబ్బరిపీచుతో, ముగ్గుతో రుద్ది రుద్ది కడగడం గుర్తుంది. ఆ తరువాత ప్రతి వానాకాలమూ కడిగేవారు. అది అమ్మ మీది ప్రేమ అనుకున్నాను. ప్రేమే, కాని దాని వెనక మరో సంగతి ఉంది.

మూడు ముక్కలు ఎడమవైపే ఎందుకో కూడా అప్పుడు తెలిసింది. అమ్మ తరం ఆడవాళ్ళు బండి వెనక పక్కకు తిరిగి, కాళ్ళు ఎడమవైపు వేసి కూర్చుంటారు. చీర చక్రంలో పడకుండా కాపాడే జాలీ ఉండేదీ అటే. సీటు ఎడమకు వాలితే నడిపేవాడికి నడుము నొప్పి, వెనక కూర్చున్న ఆమెకు మాత్రం జారిపోతానన్న భయం. ఒకసారి పడిన మనిషికి ఆ భయం ఎంతటిదో ఆయనకు తెలుసు. చెప్పకుండా సరిచేసి, చెప్పకుండానే ఊరుకున్నారు.

మేస్త్రి రెండు దారులు చెప్పాడు. కమ్మీని కాల్చి వంపు తీయడం ఒకటి, పాత ఇనుము గనుక అతుకు దగ్గర బీటలు వారవచ్చు. చక్రాలు సరిగా ఉన్నాయి గనుక ప్యాకింగు వేసి, రంధ్రం కోలగా రాచుకోవడం రెండోది. రెండోదే చేయించాను. బోల్టులన్నీ ముందు వదులుగా ఎక్కించి, సీటు సర్దుకున్నాకనే ఒక్కొక్కటీ కొద్దికొద్దిగా బిగించాలన్న సంగతి కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మీ ఇంట్లో పాత బండి ఉంటే ఒక్క మాట: కొత్త భాగం కుదిరేదాకా పాతదాన్ని పారేయకండి. దాన్ని ఒకసారి బోర్లించి చూడండి. ఆ దుకాణదారు దగ్గరకు వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాను. చిట్లిన సీటు డబ్బులు కూడా ఇచ్చాను.

సంక్రాంతికి బండి గుడివాడ తీసుకువెళ్ళాను. అమ్మకు డెబ్భై దాటాయి. వద్దంటూనే కొంగు బిగించి, ఎడమవైపు కాళ్ళు వేసి, నా భుజం పట్టుకుని ఎక్కింది. వీధి చివర రావిచెట్టు దాకా వెళ్ళి తిరిగి వచ్చాము. దిగి, సీటు మీద చెయ్యి ఆనించి కాసేపు నిలబడింది.

"బాగుంది. మీ నాన్నగారు మాత్రం ఇంత మెల్లగా నడపరు" అని లోపలికి వెళ్ళిపోయింది.