వెడల్పు టైరు, ఇరుకు చక్రము

అమెరికాలో నున్న మా తమ్మునికి 2001వ సంవత్సరపు హోండా ఎస్-2000 కారు ప్రాణసమానము. మలుపులందు దాని వెనుకభాగము జారుచున్నదనియు, 225 మిల్లీమీటర్ల వెనుక టైర్లను తీసివేసి, పాత చక్రములకే 245 టైర్లు తొడిగింపదలచితిననియు నాకు వ్రాసెను.

కారుల గొడవ స్త్రీలకేల యని కొంద రనవచ్చును. ఆ కారున నున్నవి రెండే యాసనములు. రెండవది మా మరదలిది గదా!

ఆ వెనుక చక్రపు వెడల్పు 7.5 అంగుళములు. 245/45 కొలత టైరున కంతకంటె ఇరుకైన చక్రము పనికిరాదు. అనగా నది కట్టకడపటి హద్దు. ఇరుకు గలీబులో పెద్ద దిండును కుక్కిన, నడుమ ఉబ్బి యంచులు ముడుచుకొనును. టైరును నంతియే. ప్రక్కలు లోనికి లాగబడి, నడిమిభాగమే యెక్కువగా నేల కాని త్వరగా నరుగును. కొన్న వెడల్పంతయు పట్టుగా మారదు. వెనుక పట్టు హెచ్చి ముందరిది హెచ్చనిచో, మలుపున కారు తిరుగక వెలుపలికి సాగుటయు కలదు.

అమెరికాలో 2004వ సంవత్సరపు నమూనాకు హోండావారే వెనుక 245 టైర్లు వేసిరి. అప్పుడు చక్రమును 17 అంగుళముల వ్యాసమునకును, 8.5 అంగుళముల వెడల్పునకును పెంచి, ముందరి టైర్లను 205 నుండి 215కు మార్చిరి. ఒకటి పెంచిన తక్కినవియు పెంపవలసి వచ్చెను.

ఇది తెలిపి జాబు వ్రాసితిని. తమ్ముడు అరిగిన పాతవానిని తీయించి, పూర్వపు కొలతలోనే మేలైన క్రొత్త టైర్లు వేయించెను.

ఇంటివారు బండికి మార్పు తలపెట్టినపుడు, “ఇది ఈ చక్రమునకు తగునా?” యని మన మడుగవలెను. అందులకు ఇంజనీరు కానక్కరలేదు.