స్టారు కట్టే రోజు

నవంబరు నెలాఖరుకి డ్రెస్డెన్‌లో సాయంత్రం నాలుగింటికే పొద్దు గుంకుతుంది. క్రిస్మస్‌కి ముందొచ్చే ఆగమన కాలపు మొదటి ఆదివారం వచ్చిందంటే, దీపాలు పెట్టే వేళకి మా అమ్మాయి కుర్చీ లాక్కొచ్చి అల్మరా మీది అట్టపెట్టె దింపమంటుంది. దాన్లో ఒకదాంట్లో ఒకటి దూర్చిపెట్టిన కాగితపు మొనలుంటాయి. నాలుగు పలకలవి పదిహేడు, మూడు పలకలవి ఎనిమిది. పక్కన చిన్న పొట్లంలో ఇత్తడి పిన్నులు. కాగితాల్లోంచి గుచ్చి, వెనక రెండు కాళ్లూ విడదీసి అణిచేసే రకం. ఈ పాతిక మొనలూ కలిపి కట్టేదే హెర్న్‌హూట్ నక్షత్రం. డిసెంబరంతా ఈ సాక్సనీ ప్రాంతంలో కిటికీ కిటికీకీ, చర్చి గుమ్మానికీ వేలాడేది అదే.

మొదటి ఏడాది మాకు కట్టడం చేతకాలేదు. చేతికొచ్చిన మొన చేతికొచ్చినట్టు గుచ్చుకుంటూ పోయాం. సగమయ్యేసరికి గుండ్రంగా తిరగాల్సింది ఒక పక్కకి లాగేసింది. పిన్నులన్నీ ఊడదీసేసరికి నా గోళ్లు నొప్పెట్టాయి, పాపకి ఏడుపొచ్చింది. మర్నాడు పక్కింటి పెద్దావిడ వచ్చి, మా బల్ల దగ్గర కూర్చుని దారి చూపించింది. ముందు నాలుగు పలకల మొనలు ఎనిమిది వరసగా గుచ్చి, నడుముకి వడ్డాణంలా మూసెయ్యాలి. దాని పైన నాలుగు పలకలదొకటి, మూడు పలకలదొకటి, అలా మార్చి మార్చి ఎనిమిది. కింద కూడా అంతే. అడుగున ఒకటి. నెత్తిన ఇరవయ్యారోదానికి చోటుంటుంది, కానీ అది ఖాళీగా వదిలెయ్యాలి. బల్బు దిగేది అందులోంచే. ఆవిడ పిన్ను అణిచేటప్పుడు బొటనవేలితో కాకుండా చెంచా వెనక వైపుతో అణిచింది. అప్పట్నుంచీ మా పొట్లంలో ఒక చెంచా కూడా ఉంటుంది.

ఈ నక్షత్రం పుట్టింది లెక్కల క్లాసులో అని ఆవిడే చెప్పింది. డ్రెస్డెన్‌కి తూర్పున, ఎగువ లుసాటియా అనే సీమలో హెర్న్‌హూట్ అనే చిన్న ఊరుంది. మత హింసకి తాళలేక మొరేవియా నుంచి పారిపోయి వచ్చినవాళ్లు 1722లో, త్సిన్‌త్సెన్‌డోర్ఫ్ అనే ప్రభువు భూముల్లో కట్టుకున్న ఊరది. అక్కణ్ణుంచి సువార్తికులు గ్రీన్‌లాండ్, లాబ్రడార్, సురినామ్ దాకా వెళ్లారు. పిల్లల్ని వెంట తీసుకెళ్లలేని చోట్లు అవి. దగ్గర్లోని నీస్కీ ఊళ్లో వాళ్ల హాస్టలు బడి ఉండేది. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఆ బడిలోనే, రేఖాగణితం పాఠంగా, కాగితంతో ఈ నక్షత్రం చేయించారు. తర్వాత ఏటా ఆగమన కాలపు మొదటి ఆదివారం నాడు పిల్లలే కూర్చుని కట్టుకోవడం ఆనవాయితీ అయింది. 1897లో పీటర్ హెండ్రిక్ ఫెర్బేక్ అనే ఆయన, విప్పి మళ్లీ కట్టుకోగలిగే నక్షత్రాన్ని తయారుచేసి అమ్మకానికి పెట్టాడు. హెర్న్‌హూట్‌లో ఇవాళ్టికీ ఆ మొనల్ని చేత్తోనే అతికిస్తారు. వెళ్తే చూడనిస్తారు కూడా. మేం వెళ్లినప్పుడు ఒకావిడ జిగురు కుంచె ఒక్కసారి అంచు వెంట లాగి, మడిచి, నొక్కి, పక్కన పెట్టేలోపు రెండోది అందుకుంది. మా అమ్మాయి అక్కణ్ణుంచి కదిలితే ఒట్టు.

నాకు మాత్రం ఆ హాస్టలు పిల్లలే గుర్తుండిపోయారు. ఉత్తరానికి జవాబు రావడానికి నెలలు పట్టే రోజుల్లో, అమ్మానాన్నలు ఏ సముద్రం అవతలో ఉంటే, ఈ పిల్లలు బల్ల చుట్టూ కూర్చుని కాగితం మడిచారు. నేనూ ఆరో తరగతి నుంచి గుంటూరు హాస్టల్లో పెరిగినదాన్ని. డిసెంబరు సెలవుల కోసం గోడ మీద పెన్సిలు గీతలు గీసుకున్నదాన్ని.

ఇంటికెళ్లగానే మొదటి పని స్టారు కట్టడం. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా ఇళ్లల్లోకి లూథరన్ చర్చి రావడం 1842లో గుంటూరు వచ్చిన ఫాదర్ హయ్యర్ గారితో మొదలైందంటారు. అమెరికా నుంచి వచ్చిన మిషనరీ ఆయన. పుట్టింది మాత్రం జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో. ఆ సంగతి నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది. డిసెంబరంటే డెల్టాలో వరి కోతలు. నాన్న పగలంతా చేలో ఉండి, రాత్రి లాంతరు ముందేసుకుని వెదురు చీల్చేవాడు. అయిదు బద్దలకో చుక్క, అలా రెండు చుక్కలు. రెంటినీ కలిపి అయిదు మొనల దగ్గరా పురికొసతో బిగించాక, లోపలి అయిదు మూలల్లోనూ జానెడు పుల్లలు ఎడంగా దోపితే స్టారు కడుపు ఉబ్బుతుంది. అప్పుడు రంగు కాగితం. మైదా ఉడికించి, చీమలు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపిన జిగురు. కాగితం వదులుగా ఉంటే నాన్న ఒప్పుకునేవాడు కాదు. తడిచేత్తో నిమిరి ఆరబెడితే తెల్లారేసరికి డోలు చర్మంలా బిగిసేది. ఒక ఏడాది కట్టిన స్టారు మరుసటేడు ఉండదు, మంచుకే పాడైపోతుంది. అందుకే ప్రతి ఏడూ కట్టాల్సిందే.

అమ్మ పోయాక నాన్న వెదురు ముట్టుకోలేదు. రెండేళ్లుగా బజార్లో కొన్న ప్లాస్టిక్ స్టారే అరుగు మీద వేలాడింది. ఫోన్లో చూసి నేనేమీ అనలేకపోయాను.

పోయిన డిసెంబరులో మా అమ్మాయి తాతయ్యకి కార్డు చేసింది. షాపులో మంచి కార్డులున్నాయి, కొందామన్నాను. వద్దంది. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ వేయించిన తొలి క్రిస్మస్ కార్డుకి కూడా అచ్చయ్యాక రంగులు చేత్తోనే వేశారట, బళ్లో చెప్పారంది. ఇక ఎదురు చెప్పలేదు. కార్డు మీదకి గడ్డి చుక్క చేసింది. ఇక్కడ రై, గోధుమ గడ్డితో చేస్తారు. గడ్డిపోచల్ని నీళ్లలో నానబెట్టి, గోటితో నిలువునా చీల్చి, ఇస్త్రీ పెట్టెతో అదిమితే బంగారు రంగు రిబ్బనులా వస్తాయి. నాలుగింటిని ఒకదాని మీద ఒకటి అడ్డంగా పేర్చి, నడుమ ఎర్రదారం ఒకదాని పైనుంచి ఒకదాని కిందనుంచి నేసి ముడేస్తే ఎనిమిది రేకుల చుక్క. చివర్లు వాలుగా కత్తిరించడానికి పాప నాలుక బయటపెట్టి ఊపిరి బిగపట్టింది.

కార్డు చేరేసరికి మూడు వారాలు పట్టింది. కవరు నలిగి, గడ్డి చుక్క రెండు రేకులు విరిగి కవరు అడుగున పడున్నాయట. నాన్న ఫోన్ చేశాడు. విరిగిందని చెప్పకుండా ముందు గడ్డి గురించి అడిగాడు.

"ఇదేం గడ్డమ్మా? మన వరిగడ్డి ఇలా పరుచుకోదే. కణుపు దగ్గర పుటుక్కుమంటుంది."

"రై గడ్డి నాన్నా. నానబెట్టి ఇస్త్రీ చేసింది."

"ఇస్త్రీయా!" అని కాసేపాగి, "చంటిది చేసిందా అంతా?" అన్నాడు.

రెండ్రోజుల తర్వాత రాత్రి వీడియో కాల్. అరుగు మీద చీకట్లో వెదురు వాసన మాకు రాదుగానీ, నేల మీద చెక్కులు చూడగానే అర్థమైంది. పక్కింటి కుర్రాడు ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. పొడుగాటి గెడకి ఎర్రకాగితం స్టారు, ఎక్కడా ముడత లేకుండా. నాన్న లోపల బల్బు వెలిగించాడు. కాగితం వెనక, సరిగ్గా నడుమన, విరిగిన గడ్డి చుక్క నీడ పడింది. మా అమ్మాయి ఫోను తెరకి ముక్కు ఆనించి రేకులు లెక్కపెట్టింది. ఆరు.