ప్రాతబండ్ల యాత్ర

1896 నవంబరు 14న ఇంగ్లండులో మోటారుబండ్లకు గంటకు 4 మైళ్ల వేగపరిమితి తొలగినది. ఆనాడు లండను నుండి బ్రైటనుకు సాగిన విజయయాత్రకు స్మారకముగా, నేటికిని నవంబరు మాసమున 1905కు పూర్వపు బండ్లు ఆ త్రోవనే నడచుచున్నవి. 1953 నాటి ‘జెనీవీవ్’ చలనచిత్రమునకు ఈ యాత్రయే ఇతివృత్తము.

త్రోవప్రక్కన నిలిచి కెమెరాతో వానిని చిత్రించు యువకులెందరో! బండి కనుమరుగైన పిదప చిత్రము మిగులును. దానితోపాటు కోరికయు మిగులును. ఏ పాకలోనో తుప్పుపట్టిన బండినొకదానిని కొని బాగుచేయవలెనని వారు కలగందురు. దొరకని భాగమును చేతితో మలచవలెను, ఏండ్లు గడచును. ప్రాతభాగములన్నియు మార్చినచో బండి నడచును గాని, ప్రాతదనము నశించును. మార్చవలసినది మార్చి, నిలుపదగినది నిలుపుటయే పునరుద్ధరణము. ఆ వివేకమును ఓర్పే నేర్పును.