డాక్టర్ హాసెల్‌బాకర్ ఇచ్చిన సలహా

హవానా నగరంలో వండర్ బార్ అని ఒక మద్యశాల. ప్రతి ఉదయం ఇద్దరు పరాయి దేశస్థులు అక్కడ కలుసుకొని చెరొక డైకిరీ పుచ్చుకుంటారు. ఒకడు జర్మనీ నుంచి వచ్చి స్థిరపడిన వృద్ధ వైద్యుడు హాసెల్‌బాకర్. రెండోవాడు వర్మోల్డ్ అనే ఇంగ్లీషువాడు, వాక్యూమ్ క్లీనర్ల వర్తకుడు. కాస్త కుంటుతూ నడుస్తాడు. భార్య మరొకరితో వెళ్ళిపోయి ఏళ్ళు గడిచాయి. ఆ గాయం మానిందో లేదో చూసుకునే ధైర్యం కూడా అతనికి లేదు. కూతురు మిల్లీకి పదిహేడేళ్ళు రాబోతున్నాయి. కొట్లో ‘అటామిక్ పైల్’ అనే కొత్త రకం యంత్రం అమ్ముడుపోకుండా పడి ఉంది. కరెంటు తరచుగా పోయే ఊళ్ళో వాక్యూమ్ క్లీనర్ ఎవరు కొంటారు? అందులోనూ అణుబాంబు పేరు పెట్టుకున్న వాక్యూమ్ క్లీనర్!

గ్రాహమ్ గ్రీన్ 1958లో ప్రచురించిన ‘అవర్ మ్యాన్ ఇన్ హవానా’ ఇలా మొదలవుతుంది. ఈ వర్తకుణ్ణి బ్రిటిష్ గూఢచారి విభాగానికి చెందిన హాథార్న్ అనే పెద్దమనిషి ఒక బారు మరుగుదొడ్లోకి పిలుచుకుపోయి, మాటలు బయటికి వినపడకుండా కొళాయి తిప్పి, ప్రభుత్వ ఉద్యోగంలో చేర్చుకుంటాడు. నెలకు 150 డాలర్ల జీతం, ఖర్చులు వేరే. రహస్య సందేశాలు రాయడానికి సంకేతగ్రంథంగా ఇచ్చింది లాంబ్ సోదర సోదరీలు పిల్లల కోసం రాసిన షేక్‌స్పియర్ కథల పుస్తకం. వర్మోల్డ్ ఎందుకు ఒప్పుకుంటాడు? దేశభక్తి వల్ల కాదు, సాహసం మీద మోజు వల్ల అంతకన్నా కాదు. మిల్లీ గుర్రం కావాలంది. గుర్రం కోసం ప్రార్థనలు చేసింది, అవి ఫలించాయని చెప్పి గుర్రాన్ని సంపాదించుకుంది. డబ్బు కట్టవలసింది మాత్రం తండ్రి.

తెలుగు పాఠకులకు గూఢచారి అనగానే మధుబాబు షాడో గుర్తుకొస్తాడు. అంతకు ముందుతరం వారికి కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్. తుపాకి గురి తప్పని, గుండె తడబడని వీరులు వాళ్ళు. వర్మోల్డ్ ఆ వంశంలో పుట్టినవాడు కాడు. అతనికి దగ్గరి చుట్టం ఎవరైనా ఉంటే మొక్కపాటి నరసింహశాస్త్రి గారి బారిష్టరు పార్వతీశమే. తనకు తెలియని లోకంలోకి తోయబడి, అక్కడి మర్యాదలు అర్థం కాక, అయినా అన్నీ తెలిసినవాడిలా తలాడించే అమాయకుడు. తేడా ఒక్కటే. పార్వతీశం అమాయకత్వం వల్ల నవ్వులపాలయ్యేది పార్వతీశమే. వర్మోల్డ్ అమాయకత్వానికి ప్రాణాలు ఇచ్చేది ఇతరులు.

ఉద్యోగం వచ్చింది గాని ఏం చెయ్యాలో అతనికి తెలియదు. స్నేహితుడైన డాక్టరును అడుగుతాడు. హాసెల్‌బాకర్ ఇచ్చిన సలహా నవల మొత్తానికీ కీలకం. ఎవరికీ తెలియనిదే రహస్యం, కనుక దాన్ని ఊహించి రాయడంలో తప్పేమీ లేదంటాడు. డబ్బు తీసుకో, కల్పించు, ఎవరికీ హాని చెయ్యకు అన్నది ఆయన మాటల సారాంశం. వైద్యులు ఇచ్చే చాలా సలహాల్లాగే ఇదీ సదుద్దేశంతో ఇచ్చిందే. దుష్ఫలితాల సంగతి మాత్రం ఆయనకు తోచలేదు.

అక్కణ్ణించి వర్మోల్డ్ కల్పన పరుగందుకుంటుంది. ఊరి క్లబ్బు సభ్యుల జాబితాలోంచి పేర్లు ఏరి ఏజెంట్లుగా నియమించుకుంటాడు. ఇంజనీరు సిఫుయెంటెస్, ప్రొఫెసర్ సాంచెజ్. చాలక రావుల్ అనే విమాన చోదకుణ్ణి, తెరెసా అనే నర్తకిని కూడా చేర్చుకుంటాడు. వీళ్ళందరి జీతాలూ అతని జేబులోకే. చివరికి క్యూబా కొండల్లో ఏవో భయంకరమైన కట్టడాలు లేస్తున్నాయని రాసి, వాక్యూమ్ క్లీనర్ భాగాల బొమ్మలు పెద్దవి చేసి గీసి లండనుకు పంపుతాడు. లండనులో నల్లని ఒంటికన్ను అద్దం పెట్టుకున్న అధికారి వాటిని చూసి మురిసిపోతాడు. పక్కనే ఉన్న హాథార్న్‌కు అది దేన్ని పోలి ఉందో తట్టి, గుండె జారిపోతుంది. కాని నోరు విప్పితే పోయేది తన ఉద్యోగమే. ఈ ఒక్క సన్నివేశం చాలు, గ్రీన్ హాస్యం ఎక్కడ పుడుతుందో తెలియడానికి. అబద్ధం చెప్పినవాడికంటే నమ్మినవాడికే ఆ అబద్ధం అవసరం ఎక్కువ. రోగిని ముట్టుకోకుండా ఎక్స్‌రే ఫిల్మును మాత్రమే చూసే వైద్యుడు ఒకసారి తప్పు నిర్ధారణ చేశాడంటే, ఆ తర్వాత వచ్చే ప్రతి పరీక్షాఫలితమూ దానికే సాక్ష్యంగా కనిపిస్తుంది. ఆసుపత్రుల్లో పనిచేసిన వారికి ఈ జబ్బు కొత్త కాదు.

గ్రీన్ ఇదంతా గాలిలోంచి తీసి రాయలేదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆయన స్వయంగా బ్రిటిష్ గూఢచారి విభాగంలో పనిచేశాడు. 1941లో చేరి, మొదట సియెర్రా లియోన్ రాజధాని ఫ్రీటౌన్‌లో, తర్వాత లండనులో కిమ్ ఫిల్బీ కింద పోర్చుగల్ వ్యవహారాలు చూశాడు. ఆ రోజుల్లో లిస్బన్ నగరంలో జర్మన్ల కోసం పనిచేస్తున్నామని చెప్పుకుంటూ, కట్టుకథలు పంపి జీతాలు దండుకున్నవారు ఉండేవారు. వారిలో ఘనుడు స్పెయిన్ దేశస్థుడు హువాన్ పుజోల్. లిస్బన్‌లో కూర్చొని, ఇంగ్లండులో తిరుగుతున్నట్టు జర్మన్లకు నివేదికలు రాశాడు. యాత్రికుల మార్గదర్శిని, రైళ్ళ వేళల పుస్తకం, కాస్త ఊహ, అంతే అతని పెట్టుబడి. లీటరు ద్రాక్షసారాయి కోసం గ్లాస్గో మనుషులు ఏ పనైనా చేస్తారని రాశాడట. స్కాట్లండును ఎన్నడూ చూడనివాడు మాత్రమే రాయగల వాక్యం. తర్వాత బ్రిటన్ అతణ్ణి తనవైపు చేర్చుకుని ‘గార్బో’ అని పేరు పెట్టింది. యుద్ధం ముగిసేనాటికి అతనికి జర్మనీ ఐరన్ క్రాస్ కూడా వచ్చింది, బ్రిటిష్ బిరుదు కూడా వచ్చింది. అబద్ధమాడినా అతికినట్టుండాలి అంటారు. అతికితే రెండు ప్రభుత్వాలూ సన్మానిస్తాయి!

ఈ కథకు పూర్వరూపం ఒకటి ఉంది. నవల రాయడానికి చాలా ముందే, సినిమా దర్శకుడు కావల్కాంటి కోసం గ్రీన్ ఒక కథాసంగ్రహం రాశాడు. అందులో స్థలం హవానా కాదు, 1938 నాటి ఎస్తోనియా రాజధాని తాలిన్. నాయకుడు కుట్టుమిషన్ల కంపెనీ ప్రతినిధి. అతడు అబద్ధాలాడేది దుబారా చేసే భార్య కోసం. గూఢచారి విభాగాన్ని వెక్కిరించే సినిమాకు అనుమతి రాదని తెలిసి అది ఆగిపోయింది. గ్రీన్‌కే తర్వాత ఆ కథ మీద అనుమానం కలిగింది. హిట్లర్ నీడ కమ్ముకొస్తున్న కాలంలో, భార్య విలాసాల కోసం దేశాన్ని మోసగించేవాడి మీద పాఠకుడికి జాలి ఎలా కలుగుతుంది? అందుకని కాలం మార్చాడు, ఊరు మార్చాడు, భార్య స్థానంలో కూతుర్ని పెట్టాడు.

ఈ చిన్న మార్పుతోనే ప్రహసనం నవల అయింది. వంద అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్న సామెత పుట్టిన చోట వర్మోల్డ్‌ను అర్థం చేసుకోవడం కష్టం కాదు. అతని లెక్క సులభమైనది. మిల్లీని ఈ ఊరి నుంచి దాటించాలి, స్విట్జర్లాండులో చదివించాలి, కట్నం లాంటిదేదో వెనకేయాలి. తొందరకు కారణం ఉంది. పోలీసు అధికారి కెప్టెన్ సెగూరా మిల్లీని పెళ్ళాడాలనుకుంటున్నాడు. అతని సిగరెట్ పెట్టెకు తొడిగింది మనిషి చర్మం. ప్రపంచంలో చిత్రహింస పెట్టదగిన వర్గం, పెట్టకూడని వర్గం అని రెండున్నాయని, ఆ తేడా ఇరుపక్షాలకూ ముందే తెలిసి ఉంటుందని అతడు తాపీగా వివరిస్తాడు. బీదవాళ్ళు మొదటి వర్గం. ఆ మాట దగ్గర పాఠకుడి పెదవుల మీది నవ్వు అలాగే గడ్డకడుతుంది.

ఈ కలవరంలోకి లండను నుంచి బియాట్రిస్ అనే కార్యదర్శి వస్తుంది. వచ్చిన రాత్రే, ఎవరో తెలియక, సెగూరా మీద సోడా చిమ్ముతుంది. భార్య విడిచిపోయిన నాటి నుంచి మూతబడిన వర్మోల్డ్ మనసు ఆ సోడా చప్పుడుకు తెరుచుకుందంటే అతిశయోక్తి కాదు. ఆమె వచ్చింది అతని ఏజెంట్లను చక్కదిద్దడానికి. అతనికేమో ఏజెంట్లే లేరు. ప్రేమించిన స్త్రీకి తను సృష్టించిన మనుషుల గురించి రోజూ కథలు చెబుతూ, ఆమె వాళ్ళ మీద జాలిపడుతుంటే అసూయపడే పురుషుడు సాహిత్యంలో అరుదు. ఇంతలో కల్పిత విమాన చోదకుడి పేరే ఉన్న అసలు రావుల్ కారు ప్రమాదంలో చచ్చిపోతాడు. అసలు సిఫుయెంటెస్ మీద ఎవరో తుపాకి పేలుస్తారు. అవతలి పక్షం కూడా వర్మోల్డ్ కల్పనను నమ్మింది! తను కనీవినీ ఎరుగని మనుషులను రక్షించడానికి వర్మోల్డ్, బియాట్రిస్ రాత్రివేళ ఊరంతా పరుగులు తీసే అధ్యాయం నవ్వూ భయమూ విడదీయలేనంతగా కలిసిపోయిన చోటు. ప్రొఫెసర్ సాంచెజ్ ఇంట్లో వాళ్ళు జొరబడేసరికి ఆయన ప్రియురాలితో ఉన్నాడు. వీళ్ళు తన భార్య పంపిన మనుషులని ఆయన భయం.

నవల హృదయం మాత్రం హాసెల్‌బాకర్ దగ్గరే ఉంది. ఆయన పెద్ద వైద్యుడేమీ కాడు. చీజ్‌లో నీలం ఎలా పుడుతుందన్నది ఆయన పరిశోధన. దాని వల్ల ఎవరికీ లాభం లేదు, అందుకే ఆయనకది ప్రాణం. ఒకనాడు ఎవరో ఆ ప్రయోగశాలను ధ్వంసం చేసి ఆయన్ని బెదిరిస్తారు. స్నేహితుడి సంకేత సందేశాలు విప్పి చెప్పవలసిన దుస్థితి కల్పిస్తారు. అంతా కట్టుకథే కదా, ఎవరికి హాని అనుకున్నాడు. రావుల్ చనిపోయిన రాత్రి, కైజర్ కాలం నాటి తన సైనిక దుస్తులు తొడుక్కుని, శిరస్త్రాణం పెట్టుకుని ఒంటరిగా కూర్చున్న ఆ ముసలి డాక్టరును గ్రీన్ ఎక్కువ మాటలు లేకుండా చూపిస్తాడు. బిగుసుకుపోయిన ఆ కోటు గుండీల వెనుక, శాంతి అన్నది ఒకప్పుడు నిజంగా ఉండేదని నమ్మే మనిషి ఉన్నాడు.

వర్తకుల విందులో వర్మోల్డ్‌కు విషం పెట్టబోతున్నారని తెలిసి హాసెల్‌బాకర్ హెచ్చరిస్తాడు. విషం కలిపిన విస్కీ వర్మోల్డ్ తాగడు. హోటలు పెద్ద వెయిటరు పెంచుకునే కుక్క నాకి చచ్చిపోతుంది. హెచ్చరించిన నేరానికి హాసెల్‌బాకర్‌ను వండర్ బార్‌లోనే కాల్చి చంపుతారు. ఆ తర్వాత వర్మోల్డ్ తుపాకి పట్టుకుంటాడు. సెగూరాతో ఆడే చెకర్స్ ఆటలో పావులకు బదులు చిన్న చిన్న మద్యం సీసాలు, గెలుచుకున్న సీసా గెలిచినవాడే తాగాలి. బాగా ఆడేవాడే త్వరగా పడిపోతాడు. ఓడిపోవడం బాగా వచ్చిన వర్మోల్డ్ ఆ విద్యతోనే సెగూరాను పడగొట్టి పిస్తోలు సంపాదిస్తాడు. అతడు చంపబోయేది దేశం కోసం కాదు, డాక్టరు కోసం. కాని హంతకుడు కార్టర్ కూడా తనలాగే బెరుకు మనిషని, ఆడవాళ్ళ ముందు నోరు పెగలనివాడని తెలిసేసరికి చెయ్యి తడబడుతుంది. మనిషిని కాస్త ఎరిగితే చంపడం ఎంత కష్టమో ఆ కొద్ది పేజీలు చెబుతాయి.

లోపాలు లేవని కాదు. మిల్లీ కొన్నిచోట్ల రచయిత చెప్పించిన మాటలు చెబుతుంది. బియాట్రిస్ చివర లండన్ అధికారుల ముందు మాట్లాడినప్పుడు తప్ప పూర్తి మనిషిగా నిలబడదు. దేశాలకంటే మనుషుల పట్ల విశ్వాసమే పెద్దదని ఆమె వాదించే ఆ ఘట్టం గ్రీన్ స్వంత నమ్మకమే. పెద్ద లోపం క్యూబావాళ్ళది. వాళ్ళు వీధుల్లో లాటరీ టిక్కెట్లు అమ్ముతూ నేపథ్యంలో మిగిలిపోతారు. నవల వచ్చిన కొద్ది నెలలకే, 1959 జనవరి 1న బతీస్తా దేశం విడిచి పారిపోయాడు. ఆ నియంత పాలనలోని దారుణాలను తేలిక చేశాడని కొత్త ప్రభుత్వంవారు తనను తప్పుపట్టారని గ్రీనే తర్వాత రాసుకున్నాడు. అయినా అదే ఏడు కరోల్ రీడ్ దర్శకత్వంలో, అలెక్ గిన్నెస్ వర్మోల్డ్‌గా, హవానా వీధుల్లోనే సినిమా తీయనిచ్చారు.

నవల వచ్చిన నాలుగేళ్ళకు, 1962లో, క్యూబాలో నిజంగానే క్షిపణి స్థావరాలు బయటపడ్డాయి. 2003లో ఇరాక్‌లో సంచార ప్రయోగశాలల్లో జీవాయుధాలు తయారవుతున్నాయంటూ ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో బొమ్మలు వేసి చూపించారు. వాటికి ఆధారం జర్మనీలో ఆశ్రయం కోరిన ఒక ఇరాకీ ఇంజనీరు కల్పన. ఆ బొమ్మల్లో వాక్యూమ్ క్లీనర్ గొట్టం కోసం వెదికిన గ్రీన్ పాఠకులు ఉండే ఉంటారు.

లండను వర్మోల్డ్‌ను శిక్షించలేదు. శిక్షిస్తే తామెంత మూర్ఖులో లోకానికి తెలుస్తుంది. కనుక బిరుదు ఇచ్చి, కొత్తవారికి పాఠాలు చెప్పే ఉద్యోగం ఇచ్చారు. నవ్వుతూనే పుస్తకం మూసి, మళ్ళీ మొదటి అధ్యాయాలు తెరిస్తే అక్కడ హాసెల్‌బాకర్ బతికే ఉంటాడు. లాటరీ తనకే తగులుతుందని నిశ్చయంగా చెబుతూ, మరో బారులో తటస్థపడ్డ ఒక అమెరికన్‌తో, నువ్వు నిజం మనిషివి కావు, నేను ఊహించుకున్నవాడివి అని వాదిస్తూ ఉంటాడు. మొదటిసారి అది తాగినవాడి వినోదంగా తోస్తుంది.