సున్న కలిసిన రోజు

మన వసతి గృహం గేటుకు ఇప్పుడున్న అల్యూమినియం బోర్డు మీరంతా చూసే ఉంటారు. అది బజారులో చేయించింది కాదు. ఇక్కడే చదువుకుని ఐటీఐకి, పాలిటెక్నిక్‌కి వెళ్ళిన మేము నలుగురం, ద్రాక్షారామంలో రామచంద్రపురం రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డులో, సొంతంగా తయారుచేసుకున్న సీఎన్‌సీ మిల్లింగ్ మెషిన్ మీద చెక్కింది. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగినప్పుడు, ఆ మెషిన్‌కు మోటార్లు కొనడంలో మేము చేసిన తప్పు గురించే రాయాలనుకున్నాం. ఆ తప్పు మా డబ్బుతో చేసింది కాదు. పూర్వ విద్యార్థులు తలా కొంత వేసి మా చేతిలో పెట్టిన డబ్బుతో చేసింది. అందుకని లెక్క అప్పజెప్పాల్సిన బాధ్యత మాకుంది.

ముందు మెషిన్ సంగతి. కంప్యూటర్లో గీసిన బొమ్మను అంకెలుగా మార్చి, ఆ అంకెల ప్రకారం కట్టర్‌ను అటూ ఇటూ, ముందుకూ వెనక్కూ, పైకీ కిందికీ నడిపేదే సీఎన్‌సీ. 1952లో అమెరికాలోని ఎంఐటీలో ఇలాంటి మిల్లింగ్ మెషిన్‌ను నడిపి చూపించినప్పుడు, దాన్ని నడిపించడానికి వాక్యూమ్ ట్యూబులతో నిండిన పెద్ద పెద్ద బీరువాలు కావలసి వచ్చాయి. ఇవాళ ఆ పని ఆర్డుయినో అనే అరచేతిలో పట్టే బోర్డు చేస్తుంది. అందులో వేసుకునే జీఆర్‌బీఎల్ అనే ప్రోగ్రాము 2009లో మొదలైంది, ఉచితంగానే దొరుకుతుంది. బోర్డు పల్సులు పంపుతుంది. డ్రైవ్ వాటిని అందుకుని మోటారుకు కరెంటు ఇస్తుంది. మోటారు స్క్రూను తిప్పుతుంది. స్క్రూ బల్లను జరుపుతుంది.

మోటార్లలో మా ముందున్నవి రెండు రకాలు. సర్వో మోటారుకు వెనక ఎన్‌కోడర్ ఉంటుంది. తానెంత తిరిగిందో డ్రైవ్‌కు చెబుతూ ఉంటుంది. ఖరీదు ఎక్కువ. స్టెప్పర్ మోటారు ఒక చుట్టును 200 అడుగులుగా వేస్తుంది, అడుగుకు 1.8 డిగ్రీలు. చెప్పినన్ని అడుగులు వేసిందనే నమ్మకం మీదే పని నడుస్తుంది. మధ్యలో అడుగు తప్పినా అది చెప్పదు. మా స్తోమతుకు స్టెప్పరే సరిపోయింది. అక్కడిదాకా తప్పు లేదు.

తప్పు సైజు దగ్గర జరిగింది. స్టెప్పర్లను నెమా 23, నెమా 34 అని పిలుస్తారు. అది మోటారు ముఖం కొలత. 23 అంటే సుమారు 2.3 అంగుళాలు, 34 అంటే 3.4 అంగుళాలు. చిన్నదాని మీద 19 కేజీ సెంటీమీటర్లు అని రాసి ఉంది, పెద్దదాని మీద 85. మేము ఆలోచించలేదు. పెద్దవే మూడు తెప్పించేశాం. వచ్చిన చందాల్లో మూడో వంతు వాటికే అయిపోయింది.

ఎందుకలా చేశామో మన హాస్టలు పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు. రెండేళ్ళు రావాలని యూనిఫాం చొక్కా వదులుగా కుట్టించుకున్నవాళ్ళం మనం. మళ్ళీ కొనలేమన్న భయం ఉన్నవాడు ఎప్పుడూ పెద్ద సైజే అడుగుతాడు. పెద్దది కొంటే ఎందుకైనా మంచిదని మా ధీమా.

మొదటి పరీక్షకు "వసతి గృహం" అనే అక్షరాలు తీసుకున్నాం. అక్షరాలన్నీ ఒక వరస పైపైన చెక్కి, మళ్ళీ మొదటికొచ్చి రెండో వరస లోతుగా చెక్కాలి. చివరి సున్న దగ్గర బండారం బయటపడింది. రెండోసారి చెక్కిన సున్న మొదటి సున్న మీద కూర్చోలేదు, రెండు మిల్లీమీటర్లు పక్కకు పోయింది. కోసేటప్పుడు నెమ్మదిగా బాగానే నడిచిన మోటారు, ఒక అక్షరం నుంచి ఇంకో అక్షరానికి వేగంగా వెళ్ళేటప్పుడు కీచుమని అరిచి అడుగులు తప్పుతోంది. ఇన్ని డబ్బులు పోసి చివరికి సున్న కూడా సరిగ్గా చుట్టలేకపోయామని మాలో మేమే నవ్వుకున్నాం. ఆ రాత్రి ఎవరికీ అన్నం సయించలేదు.

మర్నాడు పంపుసెట్టు మోటార్లు వైండింగు చేసే బాబాయికి చూపించాం. స్టెప్పర్‌ను ఆయన అదే మొదటిసారి చూడటం. చేత్తో ఒకసారి తిప్పి చూసి, "ఏరా అబ్బాయిలూ, ఈ 85 బలం నిలబడినప్పటిదా, పరుగెత్తేటప్పటిదా?" అనడిగాడు. మా దగ్గర జవాబు లేదు. డేటాషీటు తీసి చూస్తే అందులోనే ఉంది. 85 అన్నది మోటారు కదలకుండా పట్టుకుని ఉన్నప్పటి బలం. వేగం పెరిగేకొద్దీ అది పడిపోతుందని కింద గ్రాఫు గీసి మరీ చూపించారు. దున్నపోతు ఊబిదమ్ములో నాగలి లాగుతుంది. దాన్ని ఎడ్ల పందేనికి తీసుకెళ్తే తప్పు దానిదా?

కారణం ఇది. మోటారులోని తీగచుట్టలోకి కరెంటు ఒక్కసారిగా ఎక్కదు. ఇండక్టెన్స్ అడ్డుపడుతుంది. మా స్క్రూ ఒక చుట్టుకు 5 మిల్లీమీటర్లు జరుపుతుంది. నిమిషానికి 1500 మిల్లీమీటర్లు వెళ్ళాలంటే 300 చుట్లు తిరగాలి. అంటే ఒక్కో అడుగుకు సెకనులో వెయ్యో వంతే టైము. పైగా తిరిగే మోటారు తానే ఎదురు ఓల్టేజీ పుట్టిస్తుంది. ఈ రెండింటినీ నెట్టుకుని కరెంటు ఎక్కాలంటే సప్లై ఓల్టేజీ బాగా ఉండాలి. మాది 24 ఓల్టులే. ఆ పెద్ద మోటారు 6 ఆంపియర్లు అడుగుతుంటే, మేము కొన్న డీఎం542 డ్రైవ్ 4.2 మించి ఇవ్వదు.

దీనికొక మోటు లెక్క ఉంది. ఇండక్టెన్స్‌ను మిల్లీహెన్రీలలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 32తో గుణిస్తే ఆ మోటారుకు ఇవ్వదగ్గ గరిష్ఠ ఓల్టేజీ వస్తుంది. పెద్ద మోటారు 6 మిల్లీహెన్రీలు, లెక్క 78 ఓల్టులకు పోయింది. మా డ్రైవ్ 50కి మించి తట్టుకోదు. నెమా 23 మోటారు 2.5 మిల్లీహెన్రీలు, లెక్క 50 దగ్గర ఆగింది. మోటారు ఆగేటప్పుడు వెనక్కి తన్నే ఓల్టేజీకి చోటుండాలని 36 ఓల్టుల సప్లై తీసుకున్నాం.

మరి 19 బలం చాలుతుందా? ఆ మోటారు మా స్క్రూ మీద నిలబడి నెట్టే బలం లెక్కకు 200 కిలోలు దాటుతుంది. వేగంలో సగానికి పడినా వంద కిలోలు మిగులుతుంది. 6 మిల్లీమీటర్ల కట్టర్‌తో అల్యూమినియం పలచగా కోయడానికి పది కిలోలు చాలు. ఈ లెక్క ముందే వేసుకుని ఉంటే ఇంత కథ నడిచేది కాదు.

పల్సుల దగ్గర కూడా ఆశకు పోబోయాం. డ్రైవ్‌లో అడుగును 32 ముక్కలు చేస్తే సెకనుకు 32,000 పల్సులు కావాలి. మా బోర్డు 30,000 దగ్గరే ఆగిపోతుంది. 8 ముక్కలు చేస్తే 8,000 చాలు, మిల్లీమీటరుకు 320 పల్సులు. అక్కడే ఉంచాం.

ఇంకో రెండు తప్పులు కూడా ఒప్పేసుకుంటాం. కరెంటు ఉండగానే మోటారు వైరు పీకి ఒక డ్రైవ్ కాల్చేశాం. ఇంకోసారి సప్లై పోయి, పట్టు వదిలిన పైమోటారు స్పిండిల్ బరువుకు కిందికి జారి కట్టర్ విరిగింది. బాల్ స్క్రూ బరువుకు తనంతట తానే తిరిగిపోతుంది. ఇప్పుడు దానికి స్ప్రింగు కట్టాం.

చిన్న మోటార్లు బిగించి మళ్ళీ అవే అక్షరాలు చెక్కాం. రెండో సున్న మొదటి సున్నలో కూర్చుంది. గోరు పెట్టి చుట్టూ తడిమి చూశాం, ఎక్కడా మెట్టు తగల్లేదు. ఆ బోర్డే మన గేటుకున్నది.

ఇక లెక్క. పెద్ద మోటార్లలో రెండింటిని నష్టానికి అమ్మాం. తేడా మా నలుగురి జీతాల్లోంచి వేసి చందా ఖాతా సరిచేశాం. మూడోది అమ్మలేదు. మన స్టడీ రూము అలమరాలో పెట్టాం. తమ్ముళ్ళూ, దాన్ని చేత్తో తిప్పి చూడండి, తేలిగ్గా తిరుగుతుంది. తర్వాత ఒక చుట్ట తాలూకు రెండు వైర్లు కలిపి పట్టుకుని తిప్పండి, బిగుసుకుపోతుంది. పైన చెప్పిన ఎదురు ఓల్టేజీ అదే. ఎందుకలా అవుతుందో మీ సైన్సు మాస్టారిని అడగండి. ఆ తర్వాత ఆదివారం షెడ్డుకి రండి, మాట్లాడుకుందాం.