మత్మాత పాతాళ గృహములు

ఇంటిపట్టున నుండు స్త్రీకి నక్షత్రలోకములలో జరుగు యుద్ధముల కథతో పని యేమని సోదరీమణులు నవ్వవచ్చును. నేనును మొదట నవ్వినదాననే. కాని గడచిన సంక్రాంతి సెలవులలో ఆఫ్రికా ఖండపు ఉత్తరతీరమున నున్న తునీసియా దేశమున మేము చూచిన యొక యిల్లును, ఆ యింటిని లోకమునకు చూపిన యొక చలనచిత్రమును, ఏడాదిగా నా మనస్సున ముడిపడియున్న యొక సంగతిని విప్పినవి. దానిని మీతో చెప్పుకొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా తమ్ముడు ఆ దేశమున స్ఖీరా అను సముద్రతీరపు టూరిలో నున్న కర్మాగారమున ఉద్యోగి. తునీసియా గనులలో ఫాస్ఫేటు రాయి విస్తారముగా దొరకును. దానినుండి ఎరువులకు వలయు ఆమ్లమును తీయుటకు ఆ దేశపు సంస్థలును, మన దేశపు సంస్థలును కలసి యా కర్మాగారమును నెలకొల్పినవి. మా అమ్మ ఆరు మాసములనుండి వాని యొద్దనే యున్నది. “అక్కా, పిల్లలకు సెలవులుండగా ఒక్కసారి రండి” అని వ్రాసి, ప్రయాణపు ఖర్చును వాడే భరించెను. మావారు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము బోధింతురు. వారికి తునీసియా అనగానే జ్ఞప్తికి వచ్చినది కార్థేజి పట్టణము కాదు, రోమను శిథిలములు కావు. “స్టార్ వార్స్ తీసిన దేశము!” అని చిన్నపిల్లవానివలె సంతోషించిరి.

ఈ చిత్రమాలికను గూర్చి తెలియని వారికొరకు కొంచెము చెప్పెదను. జార్జి లూకస్ అను అమెరికా దేశీయుడు దీనిని కల్పించెను. మొదటి చిత్రము 1977లోను, రెండవది 1980లోను, మూడవది 1983లోను వెలువడినవి. పిదప ముందు కథయు, తరువాతి కథయు చేర్చగా 2019 నాటికి ప్రధాన చిత్రములు తొమ్మిది యైనవి. మొదటి కథ యిది. ఎడారి గ్రహమున పినతండ్రి యింట పెరుగుచున్న ల్యూక్ అను బాలుడు ఇల్లు విడిచి, నక్షత్రములకెగసి, దుర్మార్గపు సామ్రాజ్యముతో పోరును. ఆ సామ్రాజ్యపు భయంకర యోధుడే తన తండ్రియని తరువాత తెలిసికొనును.

వివాహమైన క్రొత్తలో మావారు ఈ మూడు చిత్రములను నాకు చూపించిరి. అప్పుడు నాకు ఇరువదియేండ్లు. బాలుడు ఎప్పుడు ఇల్లు దాటునా యని తహతహలాడితిని. పినతండ్రి వానిని పొలము పనులకు కట్టివేయుచుండగా ఆ ముసలివానిపై విసుగు పుట్టెను. ఇప్పుడు తమ్ముని యింట పిల్లలతోను, అమ్మతోను కూర్చుండి మరల చూచితిమి. మొదటి రెండు చిత్రములు యాత్రకు ముందు రెండు రాత్రులు, మూడవది తిరిగివచ్చిన రాత్రి చూడవలెనని మావారి యేర్పాటు. అమ్మకు ఆంగ్లము రాదు గనుక వారు ప్రక్కన కూర్చుండి తెలుగున చెప్పుచుండిరి.

మొదటి రాత్రి, కథ మొదలైన కొంతసేపటికి, నేలలో త్రవ్విన గోతివంటి వాకిట నిలిచి యొక స్త్రీ పైకి చూచి “ల్యూక్!” అని పిలిచెను. అమ్మ వెంటనే, “ఆ పిల్లవాడికి ఈవిడ ఏమవుతుంది, అల్లుడుగారూ?” అని అడిగెను. ఆంగ్లమున ఆంటు అను నొక్క మాటతో అందరును సరిపెట్టుకొందురు. మనకట్లు కుదరదు గదా! మావారు ఆలోచించి, “తండ్రికి మారుతండ్రి కొడుకు ఉన్నాడు. అతని భార్య” అనిరి. అమ్మ యొక్క క్షణము లెక్క చూచి, “అయితే పిన్ని” అని తేల్చెను. ఆమె పేరు బెరూ. ఆ వేషమును ధరించినది షీలా ఫ్రేజర్ అను ఆంగ్ల నటి.

ఆ పిన్ని తెరమీద నుండునది కొద్ది నిమిషములే. నీలిరంగు పాలు పాత్రలో పోయును. భోజనపు బల్లయొద్ద భర్తకును కుమారునివంటి వానికిని నడుమ కూర్చుండును. స్నేహితులందరు చదువులకు పోయిరి, నేనును పోయెదనని బాలుడు అడుగగా, పినతండ్రి ఈ పంట గడవనిమ్ము, వచ్చే యేడు చూతమనును. బాలుడు అలిగి లేచిపోగా, వీనిని ఎల్లకాలము పట్టియుంచలేమని ఆమె భర్తతో మెల్లగా చెప్పును. మరికొంతసేపటికి సామ్రాజ్యపు సైనికులు వచ్చి ఆ యింటిని తగులబెట్టుదురు. బాలుడు తిరిగివచ్చి పొగలో రెండు కాలిన దేహములను చూచును. కథ ముందుకు సాగిపోవును.

ఇక్కడ నా సంగతి చెప్పవలెను. మా పెద్దవానికి పండ్రెండేండ్లు. దూరముననున్న యొక వసతి పాఠశాలలో వానికి రాబోవు జూన్ మాసమునుండి ప్రవేశము దొరకినది. తండ్రికి సమ్మతమే. వానికి ఉబలాటము. తల్లిదండ్రు లిరువురును సంతకము చేసి పంపవలసిన కాగితము మాత్రము నా పెట్టె యడుగున పడియున్నది. వాడు అడిగినప్పుడెల్ల, “వచ్చే సంవత్సరం చూద్దాంలే” అనుచుంటిని. ఆ రాత్రి ఆ మాటయే తెరమీద మరియొకరి నోట వినబడగా పిల్లవాడు నావైపు చూచెను. నేను అరిసెల పళ్ళెము సర్దుచున్నట్లు తలవంచుకొంటిని.

భాగవతము చదువుకొన్న మనకు ఈ పిన్ని క్రొత్తది కాదు. వ్రేపల్లెనుండి అక్రూరుని రథము కదలిన పిమ్మట కథ మధురకును ద్వారకకును నడచిపోవును. పెంచిన తల్లి వెనుకబడిపోవును. ఐనను వ్యాసుడు దయగలవాడు. చాలకాలమునకు సూర్యగ్రహణ సమయమున శమంతపంచక తీర్థమున యశోదకు బిడ్డను మరల కౌగిలించుకొను భాగ్యమిచ్చెను. బెరూ పిన్నికి ఆపాటి గ్రహణమైనను దొరకలేదు.

మూడవనాటి యుదయమున బయలుదేరి, సముద్రపు టొడ్డున ఖర్జూరవనములు గల గాబెస్ పట్టణము దాటి, అచ్చటనుండి సుమారు 40 కిలోమీటర్ల దూరముననున్న మత్మాతకు పోయితిమి. దారి పొడవున బోడికొండలు. కొండల నడుమ పల్లములలో మట్టికట్టలు వేసి, ఎప్పుడో కురియు వాననీటిని ఆపి, ఆ తడిలో ఆలివు చెట్లను, అత్తి చెట్లను పెంచుదురు. ఆ కట్టలను జెస్సూర్ అందురు. చిత్రములో ల్యూక్ పినతండ్రి గాలిలోని తేమను యంత్రములచే పట్టి నీరుచేయు సేద్యగాడు. ఇక్కడి రైతులు యంత్రములు లేకుండనే తరతరములుగా నీటిబొట్టును పట్టి బ్రతుకుచున్నవారు.

ఊరు సమీపించినను ఇండ్లు కనబడలేదు. నేలమీద గోతులు మాత్రము కనబడినవి. మన మండువా లోగిలిని తలక్రిందుగా భూమిలోనికి దింపినట్లు ఊహించుకొనుడు. ఆరేడు మీటర్ల లోతున గుండ్రని వాకిలి. దాని చుట్టును గోడలలో తొలిచిన గదులు. పై వరుసలో ధాన్యపు కొట్లు. కొండప్రక్కనుండి త్రవ్విన వాలు సొరంగమే వీధిగుమ్మము. ఆ మట్టి త్రవ్వుటకు మెత్తగా నుండి, గాలి తగిలిన పిమ్మట గట్టిపడును. మండువేసవిలో లోపల చల్లగాను, చలికాలమున వెచ్చగాను ఉండును. ఈ యిండ్లను కట్టుకొన్నవారు అమాజీగులు. బెర్బరులని లోకము పిలుచునది వీరినే. 1960లలో ప్రభుత్వము పదునైదు కిలోమీటర్ల దూరమున నేలమీద క్రొత్త మత్మాతను కట్టగా చాల కుటుంబములు అక్కడికి తరలిపోయినవి. కొందరు మాత్రము పాత యిండ్లను విడువలేదు.

చిత్రములోని పినతల్లి యిల్లు సిది ద్రిస్ అను హోటలు. అట్టి గోతియిండ్లు కొన్నింటిని సొరంగములతో కలిపి దానిని చేసిరి. 1976లో ఇచ్చటనే ఆ భోజనపు ఘట్టమును తీసిరి. రంగులు వేసిన పైకప్పుతో ఆ గది నేటికిని అట్లే యున్నది. పిల్లలు ల్యూక్ కూర్చున్న చోట కూర్చుండి ఫోటోలు తీయించుకొనిరి. నేను వాకిటిలోనికి వచ్చి నిలిచితిని. అంతలో పెద్దవాడు ఎటునుండి యెక్కెనో, గోతి అంచున నిలువబడి క్రిందికి తొంగిచూచుచుండెను. వెనుక నాకాశము తప్ప మరేమియు లేదు. “జాగ్రత్త నాన్నా, వెనక్కి జరుగు!” అని కేకవేసితిని. వేసిన పిదప గదా తెలిసినది, నేను నిలుచున్నది ఎవరి తావో! క్రిందనుండి చూచిన బిడ్డ చాల చిన్నవాడుగాను, చాల దూరముగాను కనబడును.

అచ్చటికి కొద్ది దూరమున నొక వృద్ధురాలు తన యింటిని వచ్చినవారికి చూపుచుండగా మేమును పోయితిమి. తలుపుపై నీలిరంగుతో హస్తమును, చేపను వ్రాసియున్నవి. అవి దృష్టిదోషము తగులకుండుటకట. సున్నము కొట్టిన తెల్లని గదిలో చాపమీద కూర్చుండబెట్టి, రొట్టె, ఆలివు నూనె, తేనె పెట్టి, పుదీనా తేనీరు ఇచ్చినది. మూలనున్న తిరుగలిని చూచి అమ్మ ప్రాణము లేచివచ్చినది. మన తిరుగలికిని దానికిని భేదమే లేదు. అమ్మ పిడి పట్టుకొని నాలుగు చుట్లు త్రిప్పగా, ఆ వృద్ధురాలు ఎదుట కూర్చుండి రెండవ చేయి వేసినది. ఒకరి భాష యొకరికి రాదు. పిండి మాత్రము పడుచునే యున్నది.

ప్రక్కగదిలో గుట్టగా ఉల్లిపాయలు, నూనె జాడీలు, గోడకొక పాత ఫుట్‌బాలు బొమ్మ ఉండెను. తమ్ముడు తనకు వచ్చిన కొద్దిపాటి అరబ్బీలో, ఈ గది యెవరిదని అడిగెను. అది చిన్నకుమారునిదట. అతడు ఫ్రాన్సులో పనిచేయుచున్నాడట. “మరి ఉల్లిపాయలు?” అనగా ఆమె నవ్వి, వాడు ఎండకాలమున వచ్చును, అప్పుడు వీనిని ఆవలి గదిలోనికి మార్చెదను, వాడు వెళ్లిన మరునాడు మరల ఇచ్చటికే అనినది. ఆమె మాటలో దైన్యము లేదు. సరుకులు సర్దుకొను ఇల్లాలి మాటవలెనే యున్నది.

ఆ రాత్రి తోజూర్ పట్టణమున నిలిచి, మరునాడు షత్ అల్ జెరీద్ అను మహాలవణక్షేత్రమునకు పోయితిమి. కంటికి ఆనినంతవరకు ఉప్పు పెచ్చు తెల్లగా పరచుకొనియున్నది. అచ్చట ఒంటరిగా నొక చిన్న తెల్లని గుమ్మటము. అదే చిత్రములో ఆ యింటి వెలుపలి గుమ్మము! వాకిలియు భోజనశాలయు ఒకచోట, గుమ్మము పూట ప్రయాణమంత దూరమున మరియొకచోట. కత్తెరయు జిగురును వానిని ఒక్కయిల్లు చేసినవి. గుమ్మటము శిథిలము కాగా 2012లో అభిమానులు చందాలు వేసికొని బాగుచేయించిరి. ఎప్పుడో కాల్చివేసినట్లు చూపిన యింటికొరకు ఎవరెవరో దూరదేశములనుండి వచ్చి సున్నము పూయుట నాకు వింతగాను, ఇష్టముగాను తోచినది.

ప్రొద్దు క్రుంకుచుండెను. చిత్రమున ల్యూక్ ఇచ్చటనే నిలిచి రెండు సూర్యులు అస్తమించుట చూచును. మాకు ఒక్క సూర్యుడే. మావారు అప్పుడొక విషయము చెప్పిరి. లూకస్ తండ్రికి కాలిఫోర్నియాలోని మొడెస్టో అను ఊరిలో కాగితములు, కలములు అమ్ము దుకాణము ఉండెడిదట. కుమారుడు దానిని చూచుకొనవలెనని ఆయన కోరిక. కుమారుడు వినక చిత్రవిద్య నేర్చుకొన బోయెను. “మా నాన్న దుకాణంలోనే కూర్చుని ఉంటే, ఈ గుమ్మటం లేదు” అని నవ్వుచు ముందుకు నడచిరి.

పెద్దవాడు నా చేయి పట్టుకొని, “అమ్మా, నేను వెళ్తే నీకు కోపమా?” అని అడిగెను.

నేను సిద్ధము చేసికొన్న మాట లేదు. “కోపమెందుకురా? నువ్వు వెళ్లగానే నీ గదిలో ఉల్లిపాయలు పోయిస్తాను” అంటిని.

వాడు మొదట తెల్లబోయి, తరువాత ఫక్కున నవ్వి, “సెలవులకు వచ్చేసరికి తీసేయాలి మరి!” అనెను. వాని నవ్వు చూడగా నాకును నవ్వు వచ్చినది. కన్నీరును వచ్చినది. ఉప్పునేల గనుక ఎవరును ఎరుగరు.

తిరిగివచ్చిన రాత్రి మూడవ చిత్రము చూచితిమి. తండ్రి చివరకు కుమారుని రక్షించి మరణించును. అందరును పండుగ చేసికొనుచుండగా, గతించిన గురువులును, తండ్రియు తేజోరూపములతో వచ్చి బాలుని చూచి చిరునవ్వు నవ్వుదురు. పిల్లలు చప్పట్లు కొట్టిరి. అమ్మ మాత్రము కన్నులు తెరనుండి మరల్చక, “ఆ పిన్ని రాలేదేం?” అని అడిగెను.

మావారు సమాధానము చెప్పబోయి ఆగిపోయిరి. ఆయన ఈ చిత్రమును ఎన్నిసార్లు చూచిరో లెక్కలేదు. ఈ ప్రశ్న మాత్రము ఎన్నడును తోచలేదట. కొంతసేపటికి నా కుమారుడే, “ఆవిడ కూడా వచ్చే ఉంటుంది అమ్మమ్మా. మనకు చూపించలేదు” అనెను.

సోదరీమణులారా! మన బిడ్డలు చూచు కథలను మనమును ప్రక్కన కూర్చుండి చూతము. యుద్ధము చేసినవారి పేరులు వారు చెప్పుదురు. పాలు పోసినదెవరో మన మడుగుదము.

ఇల్లు చేరిన మరునాడు పెట్టె యడుగునుండి కాగితము తీసి సంతకము చేసితిని. ఇప్పుడు వాని తువాళ్ళ మీదను, చొక్కాల మీదను పాఠశాలవారు ఇచ్చిన సంఖ్యను ఎఱ్ఱదారముతో కుట్టుచున్నాను. ఇంకను ఆరు చొక్కాలు మిగిలియున్నవి.