దెబ్బకు దెబ్బ కోడ్ రాస్తే

అంతర్జాతీయ సంబంధాలు అనగానే మన బీటెక్ వాళ్ళం "అది సివిల్స్ బ్యాచ్ సిలబస్" అని పక్కకి జరిగిపోతాం. కానీ ఆ సబ్జెక్టులో బాగా పేరున్న పుస్తకం ఒకటి కంప్యూటర్ ప్రోగ్రాముల పోటీలోంచి పుట్టింది.

అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ రాబర్ట్ ఆక్సెల్‌రాడ్‌ది ఒకే ప్రశ్న. దేశాల మీద పోలీసు లేడు. మరి ఎవరి స్వార్థం వాళ్ళదైన చోట సహకారం ఎలా పుడుతుంది? ఆయన ఒక ఆట పెట్టి ప్రోగ్రాములు పంపమన్నాడు. ప్రతి రౌండులో ఇద్దరూ సహకరిస్తే చెరో 3 పాయింట్లు. ఇద్దరూ మోసం చేస్తే చెరో 1. ఒకడే మోసం చేస్తే వాడికి 5, రెండోవాడికి 0.

మొదటిసారి 14 ప్రోగ్రాములు వచ్చాయి. గెలిచింది అన్నిటికంటే చిన్నది, అనటోల్ రాపొపోర్ట్ పంపిన 'టిట్ ఫర్ టాట్'. ముందు సహకరించు, తర్వాత ఎదుటివాడు కిందటిసారి ఏం చేస్తే అదే చెయ్యి. అంతే. రెండోసారి 62 వచ్చాయి, మళ్ళీ అదే గెలిచింది. 1984లో 'ది ఎవల్యూషన్ ఆఫ్ కోఆపరేషన్' పుస్తకం వచ్చింది.

నేను దీన్ని పైథాన్‌లో రాశాను. దెబ్బకు దెబ్బ వర్సెస్ దెబ్బకు దెబ్బ, పదివేల రౌండ్లు. సగటు 3. తర్వాత చిన్న మార్పు చేశాను: వందలో ఒకసారి ఎత్తు పొరపాటున తిరగబడుతుంది. సగటు 2.25 దగ్గరికి పడిపోయింది. ఇద్దరూ బొమ్మా బొరుసూ వేసుకుని ఆడినా అంతే వస్తుంది! ఒక్క పొరపాటుకి వాడు కొడతాడు, దానికి వీడు కొడతాడు. ఆపడం ఇద్దరికీ తెలీదు.

2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్షిపణి ఒకటి పొరపాటున ప్రయోగమై పాకిస్తాన్‌లో మియా చన్నూ దగ్గర పడింది. వార్‌హెడ్ లేదు, ఎవరూ చనిపోలేదు. మన ప్రభుత్వం పొరపాటని ఒప్పుకుని విచారం తెలిపింది. తర్వాత ముగ్గురు వైమానిక దళ అధికారులను తొలగించింది. పాకిస్తాన్ నిరసన తెలిపింది, విచారణ అడిగింది, కానీ తిరిగి క్షిపణి వెయ్యలేదు. అక్కడ దెబ్బకు దెబ్బ సూత్రం అక్షరాలా నడిచి ఉంటే?

ఈ ప్రశ్న నాకు లెక్కగా మిగల్లేదు. మా పెద్దమ్మ కొడుకు ఆర్మీలో ఉన్నాడు, జమ్మూ వైపు పోస్టింగ్. 2025 మేలో ఆ నాలుగు రోజులూ అన్నయ్య ఫోన్ కలవలేదు. నా ఫోన్ నిండా "ఇంకా కొట్టాలి" అనే స్టేటస్‌లే. పెద్దమ్మ మాత్రం టీవీ ముందు కూర్చుని ఒకటే అడిగింది: "వాళ్ళు కొట్టారు, మనం కొట్టాం. ఇంక ఎవరు ఆపుతార్రా?"

పహల్గామ్ దాడి పొరపాటు కాదు, దానికి జవాబు ఉండాల్సిందే. ఆక్సెల్‌రాడ్ ఆటలో కూడా ఎప్పుడూ ఊరుకునేవాణ్ణి మోసగాడు నిలువునా దోచేస్తాడు. పెద్దమ్మ అడిగింది జవాబు గురించి కాదు, జవాబు తర్వాత సంగతి.

దానికీ ఒక లైన్ కోడ్ ఉంది. ఎదుటివాడు మోసం చేసినప్పుడు, మూడింట ఒకసారి వదిలెయ్యి. ఆ ఒక్క లైన్ కలిపితే సగటు మళ్ళీ 3 దగ్గరికి వచ్చింది. ఆ భిన్నాన్ని మీరూ మార్చి చూడండి. సున్నా పెడితే పొరపాటు దగ్గరే ఇరుక్కుపోతారు. ఒకటి పెడితే మోసగాడి చేతికి చిక్కుతారు. ప్రభుత్వాలు వెతుక్కోవాల్సిన అంకె ఆ రెండిటి మధ్యలోనే ఎక్కడో ఉంది.